గుర్తు పెట్టని చోట ఊపిరి

కుసుమకుమారి పోయిన రోజు పదో తరగతి పరీక్షల్లో నాలుగోది. హనుమత్ప్రసాద్‌కు ఎస్.ఆర్. నగర్‌లోని ఒక బడిలో ఇన్విజిలేషన్ పడింది. పరీక్ష గదుల్లోకి ఫోన్లు తీసుకువెళ్లకూడదు కనుక పొద్దున్నే అందరి ఫోన్లూ పేర్లు రాసిన కవర్లలో పెట్టించి, ఆఫీసు బీరువాలో ఉంచి తాళం వేశారు. పన్నెండున్నరకు చివరి గంట కొట్టారు. జవాబు పత్రాలు సరిచూసి, కట్టలు కట్టి, సీలు వేసి అప్పగించేసరికి ఒంటిగంట దాటింది. కవరులోంచి ఫోన్ తీసి చూస్తే భార్య దగ్గర నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పదకొండు ముప్పై ఎనిమిదికి ఒకటి, పదకొండు యాభై రెండుకు ఇంకొకటి.

ఆయన తిరిగి ఫోన్ చేయలేదు. ఎలాగూ ఇంటికే వెళ్తున్నాను కదా అనుకున్నాడు. తోటి మాస్టార్లు టీకి పిలిస్తే వెళ్లాడు. నాలుగో ప్రశ్న సిలబస్‌లో ఉందా లేదా అని అక్కడ కాసేపు వాదన నడిచింది. గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. తెర మీద కుసుమ పేరే ఉంది, గొంతు మాత్రం ఎవరో మగమనిషిది. అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర ఒకావిడ పడిపోయారని, ఆమె ఫోన్‌లో చివరి నంబరు ఇదేనని, త్వరగా రమ్మని ఆ మనిషి చెప్పాడు.

ఆస్పత్రికి వెళ్లేసరికే అయిపోయింది. గుండె అన్నాడు డాక్టరు. నిమిషాల్లో జరిగిపోయి ఉంటుందన్నాడు.

కుసుమకుమారి ట్రాక్ పాడేది. ఆ మాటకు అర్థం తెలుసుకోవడానికి ఆమె పాడడం మొదలుపెట్టిన కొత్తలో హనుమత్ప్రసాద్‌కే కొంతకాలం పట్టింది. పాట కట్టినవాళ్లు దాన్ని పేరున్న గాయనికి పంపే ముందు ఎవరి చేతనో ఒకసారి పాడించి పెట్టుకుంటారు. అదే ట్రాక్. ముంబైలోనో చెన్నైలోనో ఉన్న గాయని ఆ ట్రాక్ విని, నేర్చుకుని, అచ్చంగా అలాగే పాడి పంపుతుంది. ఆ గొంతు రాగానే ట్రాక్ గొంతు తీసేస్తారు. ఇరవై రెండేళ్లలో కుసుమ కొన్ని వందల పాటలు పాడింది. ఒక్కటీ ఆమె గొంతుతో బయటికి రాలేదు. "ఇల్లు కడిగి ముగ్గు పెట్టడం వరకే నా పనండీ, గృహప్రవేశం వేరేవాళ్లది" అని నవ్వేది. ఆ నవ్వులో ఎంత నవ్వు ఉందో ఆయన ఎప్పుడూ తరచి చూడలేదు.

పనిలో ఆమెకు కొన్ని నియమాలు ఉండేవి. పాట కాగితం చేతికి రాగానే పెన్సిల్‌తో చిన్న చిన్న టిక్కులు పెట్టుకునేది. ప్రతి టిక్కు దగ్గరా ఊపిరి తీసుకోవాలి, ఇంకెక్కడా తీసుకోకూడదు. ఇరవై రెండేళ్లలో ఆ గుర్తు దాటలేదని స్టూడియోవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. రెండో నియమం, పాట విడుదలయ్యేదాకా బయట ఎవరికీ ఒక్క ముక్క కూడా వినిపించకూడదు. కట్టుకున్నవాడికైనా సరే. మూడోది, స్టూడియోలో అడుగుపెడితే ఫోన్ కట్టేసి సంచిలో పడేయడం. లోపల నుంచి ఆమె ఆయనకు ఏనాడూ ఫోన్ చేయలేదు.

అందుకే ఆ రెండు మిస్డ్ కాల్స్ ఆయనను వదల్లేదు. ఎన్నడూ చేయని మనిషి ఆ రోజు స్టూడియో నుంచి పద్నాలుగు నిమిషాల తేడాలో రెండుసార్లు చేసింది. ఛాతీలో నొప్పి మొదలై చేసిందా? వచ్చి తీసుకువెళ్లమని చేసిందా? అలా అయితే తాను టీ తాగుతూ సిలబస్ గురించి వాదించిన సమయమంతా ఏమిటి? ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. కూతురు ధాత్రితో కూడా. ధాత్రి బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. తల్లి పోయాక ఇంటి పనీ, తండ్రి మందులూ, నెలనెలా మాసికాల ఏర్పాట్లూ నోరెత్తకుండా చూసుకుంటోంది. ఆ పిల్ల నెత్తిన ఇది కూడా ఎందుకని ఆయన ఊరుకున్నాడు.

జూలైలో పాట విడుదలైంది.

అది సినిమా పాట కాదు. వంశీకృష్ణ అనే కుర్ర సంగీత దర్శకుడు సొంతంగా కట్టి, ఒక కంపెనీ ద్వారా విడిగా వదిలిన పాట. పేరు 'తలుపు దాకా'. పాడింది ముంబై గాయని. పంజాగుట్టలో తన బడి పక్కన ఉన్న టిఫిన్ సెంటర్‌లో, కౌంటరు మీద పెట్టిన ఫోన్‌లో హనుమత్ప్రసాద్ దాన్ని మొదటిసారి విన్నాడు. బాణీ వెంటనే గుర్తుపట్టాడు. మార్చి నెలలో వారం రోజులు వంటింట్లోంచి, ఆమెకు తెలియకుండానే, మాటలు లేకుండా వినిపించిన కూనిరాగం అదే. ఒక అమ్మాయి ఏదో చెప్పాలని ఒక ఇంటికి పరుగెత్తుకువస్తుంది, చెప్పలేక నిలబడిపోతుంది. అంతే పాట.

మెట్లన్నీ ఎక్కేసి మాటలన్నీ మూటగట్టి
నీ తలుపు దాకా వచ్చి తట్టకుండా నిలుచున్నా

రెండో వరుసలో 'వచ్చి' అన్నాక గాయని ఊపిరి తీసుకుంది. మామూలు ఊపిరి కాదు. గబుక్కున, గొంతు అడుగునుంచి, పైకి వినబడేలా. బాణీలో అక్కడ చోటు లేదు. అందుకని 'తట్టకుండా' అన్న మాట ఒక క్షణం ఆలస్యంగా బయలుదేరి, పరుగెత్తి తాళాన్ని అందుకుంది.

హనుమత్ప్రసాద్ చేతిలోని ఇడ్లీ ముక్క ప్లేటులో పెట్టేశాడు.

ఇంటికి వెళ్లి బీరువాలో కుసుమ ఆ రోజు పట్టుకెళ్లిన సంచి తెరిచాడు. నాలుగు మడతలు పెట్టిన పాట కాగితం లోపలి అరలో ఉంది. మొదటి వరుస చివర టిక్కు. రెండో వరుస చివర టిక్కు. 'వచ్చి' దగ్గర ఏమీ లేదు.

అంటే అక్కడ ఆగాలని ఆమె అనుకోలేదు. అనుకోకుండా ఆగింది. తెలుగు ముక్క రాని ముంబై గాయని ఏది మాటో ఏది ఇబ్బందో తెలియక ట్రాక్‌లో ఉన్నది ఉన్నట్టు దించేసింది. ఆయన ఆ కాగితం మీద కళ్లజోడు తీసి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. పదకొండున్నరకే ఆమెకు ఊపిరి అందలేదన్నమాట. ఆ తర్వాత తనకు ఫోన్ చేసిందన్నమాట.

పాట మాత్రం పైకి పోతూనే ఉంది. మొదటి వారం పాటల జాబితాలో నలభయ్యో స్థానం, రెండో వారం పన్నెండు, ఆ తర్వాత మూడు. ఆగస్టు రెండో వారానికి ఒకటో స్థానానికి వచ్చి అక్కడే కూర్చుంది. దానికి కారణం ఆ ఊపిరేనని అందరికీ తెలుసు. మెట్రోలో, లిఫ్టుల్లో, పెళ్లిమండపాల్లో, ఎక్కడ చూసినా అమ్మాయిలు 'వచ్చి' దగ్గర ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కళ్లు పెద్దవి చేసి, ఆ ఒక్క ఊపిరి పీల్చి వీడియోలు తీసుకుంటున్నారు. పాట పేరు కూడా మరిచిపోయి "ఆ హఁ పాట పెట్టు" అంటున్నారు. టీవీలో ఎవరో పెద్దాయన ఆ ఒక్క ఊపిరిలో గాయని ఎంత భావం పలికించిందో పది నిమిషాలు వివరించాడు. హనుమత్ప్రసాద్ లేచి టీవీ కట్టేశాడు.

తొమ్మిదో తరగతిలో విక్రమ్ అనే కుర్రాడిని పద్యం చదవమన్నాడు ఒకరోజు. వాడు లేచి, గొంతు సవరించుకుని, రెండో పాదం మధ్యలో ఛాతీ మీద చెయ్యి వేసుకుని "హఁ" అన్నాడు. తరగతి తరగతంతా ఘొల్లుమంది.

"అక్కడెందుకు ఆపావు?"

"ట్రెండింగ్ సార్!"

"పద్యం రాసినాయన అక్కడ ఆపమన్నాడా?"

వెనక బెంచీలోంచి ఎవరో "ఆయనకు సుత ఊపిరి ఆడలేదేమో సార్" అన్నారు.

మళ్లీ నవ్వులు. మామూలుగా అయితే ఆయన కూడా నవ్వేసి, ఆ మాట అన్నవాడి చేతే పద్యం అప్పజెప్పించేవాడు. ఆ రోజు సుద్దముక్క బల్ల మీద పెట్టి, "కూర్చో" అన్నాడంతే. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గంట కొట్టాక సుమశ్రీ అనే అమ్మాయి వరండాలో వెంటపడింది. "సార్, చిల్డ్రన్స్ డేకు మేం ఎనిమిదిమందిమి గా పాటకు డ్యాన్స్ చేస్తం సార్. మిస్‌ను అడిగితే మిమ్మల్ని అడగమన్నది."

బడిలో సాంస్కృతిక కార్యక్రమాలన్నీ హనుమత్ప్రసాద్ సంతకంతోనే జరుగుతాయి. "ఏ పాటమ్మా?" అని తెలిసే అడిగాడు.

"హఁ పాట సార్! స్టెప్స్ సుత అయిపోయినయ్. మీరొక్కరు ఊ అంటే చాలు."

"రేపు చెబుతాను."

రేపు చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు. ఆ పిల్లలు ఎనిమిదిమందీ రోజూ స్టాఫ్ రూమ్ గుమ్మంలోకి తొంగిచూసి, ఆయన తల వంచుకుని పుస్తకాలు దిద్దుకోవడం చూసి వెళ్లిపోయేవారు.

సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున కరెంటు పోయింది. పై వాటాలో ఎవరో ఫోన్‌లో పాట పెట్టారు. హనుమత్ప్రసాద్ లేచి ఒక్కో కిటికీ మూయడం మొదలుపెట్టాడు.

"నాన్నా, ఫ్యాను లేక చస్తుంటే కిటికీలు మూస్తావేంటి?" అంది ధాత్రి, కూరగాయలు తరుగుతూ.

"పాట."

"రోజూ చూస్తున్నా. అది వినిపిస్తే చాలు, నువ్వు అక్కడి నుంచి లేచి వెళ్లిపోతున్నావు. అమ్మ ట్రాక్ పాడిన పాటేనా?"

ఆయన చెప్పకుండా ఉండలేకపోయాడు. కాగితం తెచ్చి చూపించాడు. టిక్కు లేని చోట వేలు పెట్టాడు. ఫోన్ తీసి ఆరు నెలలుగా చెరపకుండా ఉంచుకున్న ఆ రెండు కాల్స్ చూపించాడు. తరగతిలో పాఠం చెప్పినట్టు వరుసగా, తడబడకుండా చెప్పాడు. చివరి మాట దగ్గర మాత్రం ఫోన్ బోర్లా పెట్టేశాడు. "చూసి కూడా తిరిగి చేయలేదమ్మా."

ధాత్రి కత్తిపీట పక్కకు పెట్టింది.

"ఆ రోజు పొద్దున అమ్మ జడ వేసుకుంటూ మధ్యలో మంచం మీద కూర్చుండిపోయింది నాన్నా. ఏంటమ్మా అన్నాను. ఏం లేదు, నువ్వెళ్లు అంది. నాకు క్యాబ్ వచ్చేసింది. వెళ్లిపోయాను." ఆమె కూరగాయల గుడ్డతోనే కళ్లు తుడుచుకుంది. "నేనూ ఎవరికీ చెప్పలేదు."

ఇద్దరూ ఒకే ఇంట్లో ఆరు నెలలుగా ఎవరిది వాళ్లు దాచుకుని తిరుగుతున్నారన్నమాట.

"వెళ్లి అడుగుదాం" అంది ధాత్రి.

"ఎవరిని?"

"ఆ వంశీకృష్ణనే. ఆ రోజు అమ్మ పక్కన ఉన్నది వాళ్లే కదా."

"అవును, ఇబ్బంది పడిందండీ అని వాళ్లంటే?"

"అంటే అననీ. ఇప్పుడు మాత్రం మనం బాగున్నామా?"

ఆ శనివారం మధ్యాహ్నం ఇద్దరూ అమీర్‌పేట వెళ్లారు. స్టూడియో ఒక సందులో, నిలువునా కోచింగ్ సెంటర్ల బోర్డులు కప్పేసిన బిల్డింగులో మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపుకు 'పనిచేయదు' అని అంటించిన కాగితం అంచులు అప్పటికే పసుపుపచ్చగా మారాయి. మెట్ల నిండా బ్యాగులు తగిలించుకున్న పిల్లలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. రెండో అంతస్తులో క్లాసు జరుగుతోంది. "అందరికీ అవుట్‌పుట్ వచ్చిందా? వచ్చిందా, లేదా?" అని మైకులో అరుస్తున్నాడు సారు. ఆ మైకు గోడల్లోంచి పైకి వినిపిస్తుంది కనుక, స్టూడియోలో ఒక బ్యాచ్ వదిలి ఇంకో బ్యాచ్ కూర్చునే లోపలే పాటలు రికార్డు చేస్తారని కుసుమ చెబుతుండేది.

మూడో అంతస్తు చేరేసరికి హనుమత్ప్రసాద్‌కు రొప్పు వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. లోపలి నుంచి గడ్డం కుర్రాడొకడు మంచినీళ్ల సీసా పట్టుకుని వచ్చాడు. అతను దుర్గేష్, సౌండ్ ఇంజనీరు.

"జర కూసోండి సార్. ఈడికి ఎవ్వరొచ్చినా గిట్లనే వస్తరు. లిఫ్టు బంద్ అయ్యి ఏడాదైంది."

వంశీకృష్ణ లేచి నిలబడ్డాడు. ముప్పై దాటని మనిషి. ఒకటో స్థానంలో పాట ఉన్నవాడి ధీమా ఏదీ ఆ ముఖంలో లేదు. "నేనే వద్దామనుకున్నానండీ. కర్మల తర్వాత ఒకసారి ఫోన్ కూడా చేయబోయాను. ఈలోగా పాట ఇలా అయ్యేసరికి, ఇప్పుడు చేస్తే ఏం బాగుంటుందిలే అని..."

"ఫరవాలేదండీ" అన్నాడు హనుమత్ప్రసాద్. అడగాల్సిన మాట ఇంటి దగ్గరే కూర్చుకుని తెచ్చుకున్నాడు. "ఒక్కటే అడగడానికి వచ్చాం. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ రోజు ఇక్కడ పాడుతున్నప్పుడు కుసుమకు ఊపిరి ఆడలేదా?"

వంశీకృష్ణకు అర్థం కాలేదు. ధాత్రి పాట కాగితం తీసి అతని ముందు పెట్టింది. 'వచ్చి' దగ్గర వేలు పెట్టింది. అతను ఆ టిక్కులన్నీ చూశాడు. అప్పుడు అర్థమైంది.

"అయ్యయ్యో, అలా అనుకున్నారా సార్? కాదండీ. అది ఆవిడ కావాలని పెట్టిందండీ! నేనైతే వద్దన్నాను కూడా. ముంబై ఆవిడకు తెలుగు రాదు కదా, ట్రాక్‌లో ఎలా ఉంటే అలా పాడేసింది. అదే ఇప్పుడు..."

హనుమత్ప్రసాద్ అతని ముఖంలోకి చూశాడు. ముప్పై ఏళ్లుగా పిల్లల సాకులు వింటున్న మనిషి. అబద్ధం కనిపించలేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. "మమ్మల్ని ఓదార్చాలని చెబుతున్నారేమోనండీ. అలా చెప్పడం మంచితనమే. నాకు అది వద్దు."

కింద మైకు "మళ్లీ ఒకసారి రన్ చేయండి" అంటోంది.

"మాటలెందుకన్నా" అన్నాడు దుర్గేష్. "వినిపిద్దాం."

"ఏది వినిపిస్తావురా? ట్రాక్ తీసేశాం కదా."

"నువ్వు తీసెయ్యమన్నవ్. నేను తీయలే." దుర్గేష్ ఎవరి వైపూ చూడకుండా కుర్చీ కంప్యూటరు ముందుకు లాక్కున్నాడు. "ముంబై వాయిస్ వచ్చిన దినం డిలీట్ కొడ్దామనే ఫోల్డర్ తెరిచిన. అక్క పేరు కనబడ్డది. చెయ్యి రాలె. గంతే." తర్వాత హనుమత్ప్రసాద్ వైపు తిరిగాడు. "నాకో పిచ్చి అలవాటున్నది సార్. సింగర్ లోపలికి వోయినప్పటి సంది బయటికి వచ్చేదాక రికార్డు ఆపను. ఒకపారి ఆపితే మంచి టేక్ వోయింది, అప్పటి సంది భయం. పాటే గాదు, ముచ్చట్లు సుత అన్ని ఉంటయ్."

కింద క్లాసు అయిపోయేదాకా ఆగారు. బెంచీలు జరిగిన చప్పుడు, మెట్ల మీద వందల అడుగుల చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. దుర్గేష్ మీట నొక్కాడు.

ముందు వచ్చింది నవ్వు. తర్వాత మాట.

"దుర్గేషూ, కింద క్లాసు అయిందేమో చూడు నాయనా. ఇందాక నేను 'నిలుచున్నా' అనగానే ఆయనెవరో 'ఎర్రర్ వచ్చింది' అన్నాడు. నన్నే అనుకున్నా."

ధాత్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హనుమత్ప్రసాద్ కదల్లేదు. ఆయన చెవులు మాటల్ని వినడం లేదు, మాటల మధ్య ఖాళీల్ని వింటున్నాయి. రొప్పు ఉందా? లేదు. గొంతు వణికిందా? లేదు. పొద్దున కాఫీ ఇస్తూ మాట్లాడినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది.

పాట మొదలైంది. మెట్లన్నీ ఎక్కేసి. నీ తలుపు దాకా వచ్చి తట్టకుండా నిలుచున్నా. ఒక్క గుక్కలో, నున్నగా, పెన్సిల్ గుర్తు పెట్టినచోటే ఊపిరి. రెండు వరుసలూ అయ్యాక ఆమే ఆపేసింది.

"బాగోలేదు."

"సూపర్ ఉందక్కా! ఏంటి బాగోలేదు?" వంశీకృష్ణ గొంతు.

"ఆ పిల్ల మెట్లన్నీ ఎక్కి వచ్చింది అంటున్నావా? ఎక్కిన పిల్ల ఇంత తీరుబడిగా పాడుతుందా? ఇందాక నేను మీ మూడంతస్తులూ ఎక్కి వచ్చినప్పుడు ఎలా ఉన్నాను?"

"రైలింజన్ లెక్క ఉన్నవక్క."

"చూశావా, దుర్గేష్ నయం. ఆ రైలింజన్ పెడదాం. ఒక్క ఊపిరి, తలుపు ముందు."

"అక్కా, అక్కడ చోటు లేదు. తాళం జారిపోతుంది."

"జారనీ. జారి పట్టుకుంటాను, చూడు."

పట్టుకుంది. 'వచ్చి' తర్వాత ఆ ఊపిరి, ఊరంతా పీల్చి వదులుతున్న ఊపిరి, మొదటిసారిగా ఆ గదిలో వినిపించింది. అయ్యాక ఆమె పకపక నవ్వింది. మళ్లీ పాడింది. మళ్లీ అక్కడే, అంతే. ఇంకోసారి పాడింది. నాలుగుసార్లు పాడితే నాలుగుసార్లూ ఊపిరి అదే క్షణంలో వచ్చింది. మధ్య మధ్య మాటల్లో మాత్రం ఎక్కడా ఆయాసం లేదు.

"వంశీ, నేను ఎప్పుడూ అడగను. మా ఆయనకు ఈ ఒక్క లైను వినిపించనా?"

"మీరేనా అక్కా ఇలా అడిగేది? పొద్దు పడమట పొడిచిందా ఏంటి!"

"ఆయన తెలుగు మాస్టారయ్యా. లైను మధ్యలో ఊపిరి తీశానంటే ఎంత గోల చేస్తారో వినాలనుంది."

రింగ్ అవుతున్న చప్పుడు. ఆమె ఫోన్ స్పీకర్లో పెట్టినట్టుంది. ఆ రింగు గదిలో ఒక్కొక్కటిగా మోగుతుంటే హనుమత్ప్రసాద్ తన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఎత్తాల్సిన ఫోన్ ఇప్పుడు అక్కడే ఉంది. రింగు ఆగిపోయింది.

"ఎత్తట్లేదు. సరే, ఇంకోటి పాడేసి చేస్తాను."

ఇంకోటి పాడింది. మళ్లీ రింగు. మళ్లీ ఆగిపోయింది. అప్పుడు ఆమె గట్టిగా అంది, "అయ్యో నా మతి మండా! ఇవాళ ఆయనకు పరీక్ష డ్యూటీ కదూ. ఫోన్ ఆఫీసులో పెట్టించేసుకుంటారు. మళ్లీ బయటికొచ్చి ఈ రెండు కాల్సూ చూసి కంగారుపడతారో ఏమో."

"మెసేజ్ పెట్టక్క."

"ఆ, ఇంటికెళ్లి ఎదురుగా నిలబడి పాడతాలే. ఇక చరణం పట్టండి, కింద బ్యాచ్ వచ్చేస్తుంది."

దుర్గేష్ ఆపాడు. తెర మీద ఆ రింగుల సమయం రాసి ఉంది. ధాత్రి తండ్రి జేబులోంచి ఫోన్ తీసి పక్కన పెట్టి చూసింది. ముప్పై ఎనిమిది. యాభై రెండు.

హనుమత్ప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. "ఆ మతి మండా అన్నది ఇంకొక్కసారి వేస్తారా బాబూ" అన్నాడు. దుర్గేష్ వేశాడు. ఇంకోసారి అడగకుండానే వేశాడు. ధాత్రి ఏడుస్తూ నవ్వుతోంది. "కంగారుపడతారో ఏమో అందట!" అని తండ్రి భుజం మీద తల పెట్టింది. పొద్దున జడ వేసుకుంటూ తల్లి ఎందుకు కూర్చుందో ఆ రికార్డులో లేదు. అది ఇక తెలియదు. కానీ ఆమె సాయం కోసం పిలిస్తే తాను పలకలేదన్న మాట మాత్రం నిజం కాదు. హనుమత్ప్రసాద్‌కు అది చాలు.

వెళ్లేటప్పుడు ధాత్రి గుమ్మంలో ఆగి అడిగింది. "వంశీకృష్ణగారూ, పాట కింద అందరి పేర్లూ వేశారు కదా. అమ్మ పేరు?"

అతను తల దించుకున్నాడు. "ట్రాక్ పాడినవాళ్ల పేరు వేసే ఆనవాయితీ మా రంగంలో లేదమ్మా. తప్పే. ఆ ఊపిరి మీదే పాట నడుస్తోందని నాకు తెలుసు. కంపెనీవాళ్లతో నేను మాట్లాడతాను. వేయిస్తాను."

"తప్పక వేయిస్తడు మేడం. లేకుంటే నేను ఊకోను" అన్నాడు దుర్గేష్.

మెట్లు దిగుతుంటే హనుమత్ప్రసాద్‌కు ఆకలి వేసింది. చాలా నెలల తర్వాత అచ్చమైన ఆకలి. సందు చివర టిఫిన్ బండి దగ్గర ఇద్దరూ దోసెలు చెప్పారు. అల్లం పచ్చడి ఇంకొంచెం వేయించుకున్నాడాయన. పక్కన సెల్‌ఫోన్ కవర్ల దుకాణంలో పాట మొదలైంది. ధాత్రి చెయ్యి ఆపి తండ్రి వైపు చూసింది. ఆయన తింటూనే ఉన్నాడు. 'వచ్చి' అన్న మాట వచ్చింది. ఊపిరి వచ్చింది. బండి దగ్గర నిలబడ్డ ఇద్దరు అమ్మాయిలు అలవాటుగా ఛాతీ మీద చేతులు వేసుకుని దాన్ని పీల్చారు.

"మాస్టారూ, చెప్పండి మరి. అమ్మ తప్పు చేసిందా?" అంది ధాత్రి.

ఆయన ఆలోచించి జవాబు చెప్పాడు. "లేదు. మాటను విరగ్గొట్టలేదు. రెండు మాటల మధ్యే తీసుకుంది. అక్కడ తీసుకోవచ్చు." కాస్త ఆగి, "తాళం కూడా జారలేదు" అన్నాడు.

సోమవారం ఆయన సుమశ్రీని పిలిచి కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు. ఆ పిల్ల నమ్మలేక "నిజంగనా సార్?" అని రెండుసార్లు అడిగి, వరండా దద్దరిల్లేలా పరుగెత్తింది. నవంబరులో ఎనిమిదిమందీ ఆడారు. పాట అప్పటికి జాబితాలో ఒకటి నుంచి ఆరుకు దిగింది, అయినా పిల్లలు దాన్ని వదల్లేదు. హనుమత్ప్రసాద్ ముందు వరుసలో కూర్చుని చివరిదాకా చూశాడు. దుర్గేష్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఇంట్లో టీవీ పక్కనే ఉంటుంది. ఆదివారాలు కూరగాయలు తరుగుతూ ధాత్రి ఆ ముచ్చట్లు పెట్టుకుంటుంది.

వంశీకృష్ణ కంపెనీకి రెండుసార్లు రాశానని చెప్పాడు. చూస్తామన్నారట. పాట కింద పదకొండు పేర్లున్నాయి. కుసుమకుమారి పేరు ఇంకా చేర్చలేదు.